జంక్ ఫుడ్‌కు కట్టడి: తినేవాళ్లకా, అమ్మేవాళ్లకా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ పిల్లలు చదివే బడి క్యాంటీన్‌లో చిప్స్, కూల్ డ్రింకులు, క్రీమ్ బిస్కెట్లు అమ్మడం ఆపాలని తల్లిదండ్రుల కమిటీలో ప్రతిపాదన వచ్చింది. అవి ఒంటికి మంచివి కావని ప్రతి ఒక్కరూ ఒప్పుకున్నారు. తీరా చేతులెత్తమంటే సగం మంది అడ్డం తిరిగారు. "చెడ్డదని తెలిసి కూడా ఎందుకు వద్దంటారు? జంక్ ఫుడ్‌ను కట్టడి చేయడం సబబేనా, లేక ఇది జనం ఇష్టాల్లో వేలు పెట్టడమా?" అని మీ ప్రశ్న.

నేను ఇరవై రెండేళ్లుగా పోషకాహార సలహాదారుగా పనిచేస్తున్నాను. కన్సల్టేషన్ గదిలో ఒక్కొక్క కుటుంబంతో గంటలు గంటలు మాట్లాడాను. మీలాంటి కమిటీల్లోనూ చాలాసార్లు కూర్చున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. కట్టడి ఉండాల్సిందే. కాకపోతే ఎవరిని కట్టడి చేస్తున్నాం అన్నది తేల్చుకోకుండా చర్చకు దిగితే మీ మీటింగ్‌లో జరిగిందే జరుగుతుంది. తమ నోరు కట్టేస్తామంటే జనం ఒప్పుకోరు. అమ్మేవాళ్ల చేతులు కట్టేస్తామంటే చాలామంది ఒప్పుకుంటారు. మీ ప్రతిపాదన రెండో రకానిదే. విన్నవాళ్లకు మాత్రం అది మొదటి రకంలా వినిపించింది.

ఒకే మనిషిని మూడు రకాలుగా అడిగి చూడండి. "పిల్లల టీవీ కార్యక్రమాల మధ్యలో చాక్లెట్ ప్రకటనలు ఆపాలా?" అంటే వెంటనే ఆపాలంటారు. "ప్యాకెట్ మీద చక్కెర, ఉప్పు ఎంతుందో పెద్ద అక్షరాలతో రాయాలా?" అంటే రాయాలంటారు. "చిప్స్ మీద పన్ను వేద్దామా?" అన్నారనుకోండి, గొంతు మారిపోతుంది. చాలా దేశాల్లో జరిగిన అభిప్రాయ సేకరణలను పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకులకు కూడా ఇదే వరస కనిపించింది. సమాచారం ఇవ్వడానికి, పిల్లలను కాపాడడానికి మద్దతు ఎక్కువ. పన్నులకు, నిషేధాలకు తక్కువ. ఆడవాళ్లు, వయసులో పెద్దవాళ్లు కట్టడి వైపు కాస్త ఎక్కువగా మొగ్గుతారు. ఏ వస్తువునైనా ఎక్కువగా వాడేవాళ్లే దాని మీద ఆంక్షలను ఎక్కువగా వ్యతిరేకిస్తారు. ఇంకో సంగతి కూడా ఉంది. నియమం రాకముందు ఉన్నంత వ్యతిరేకత, అది వచ్చి కొన్నాళ్లు గడిచాక ఉండదు. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం మీద ఆంక్షలు వచ్చినప్పుడూ ఇదే జరిగింది. అందుకే మీటింగ్‌లో వినిపించిన మొదటి "వద్దు"ను చివరి మాటగా తీసుకోకండి.

ఇక ఎందుకు వద్దంటారో చెప్తాను. మొదటి కారణం, ఎవరి దృష్టిలోనైనా తమ తిండి ఎప్పుడూ "ఎప్పుడో ఒకసారి"దే. నా ఎదుట కూర్చున్నవాళ్లను వారంలో ఎన్నిసార్లు తింటారని అడిగితే వచ్చే మొదటి జవాబు అదే. ఏడు రోజులు రాసి తెమ్మని నోట్‌బుక్ చేతికిస్తే, తిరిగొచ్చేటప్పుడు వాళ్లే ఆశ్చర్యపోతూ వస్తారు. అందులో అబద్ధమేం లేదు. పనిలో పడి తిన్నది, నిలబడి తిన్నది, పిల్లలు వదిలేస్తే తిన్నది మనసు లెక్కలోకి రాదు. ప్రకటనల విషయంలోనూ అంతే. "అవి చూసి నేనేం కొనను, వేరేవాళ్లు పడిపోతారు" అనుకుంటారు అందరూ. 1983లో డబ్ల్యూ. ఫిలిప్స్ డేవిసన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ ధోరణికి 'థర్డ్ పర్సన్ ఎఫెక్ట్' అని పేరు పెట్టారు. సమస్య ఎప్పుడూ పక్కింటివాళ్లదే అనుకున్నప్పుడు, దానికోసం నా ఇష్టాన్ని ఎందుకు వదులుకోవాలి అనిపించడం సహజం.

రెండో కారణం గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. అది అవమానం. జంక్ అంటే చెత్త. ఆ మాట తిండి మీద పడదు, తినేవాళ్ల మీద పడుతుంది. రెండు షిఫ్టులు చేసి ఇంటికొచ్చే ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకును తీసుకుని నా దగ్గరికి వచ్చింది. బడిలో ఎవరో వాడి బరువు గురించి ఏదో అన్నారట. ఆమె చేతి సంచిలో కూల్ డ్రింక్ సీసా ఉంది. నేను చూశానని తెలియగానే దాన్ని కుర్చీ కిందికి నెట్టేసింది. ఆ క్షణం నాకు చాలా బాధ కలిగింది. బిడ్డకు సాయం కోసం వచ్చిన మనిషి నేరం చేసి దొరికిపోయినట్టు కూర్చుంది.

సీసా బయటకు తీయమని బతిమాలాను. ముగ్గురం కలిసి లేబుల్ చదివాం. పెద్ద అక్షరాలతో "ఒక సర్వింగ్‌కు 21 గ్రాములు" అని ఉంది. సర్వింగ్ అంటే ఎంతో కింద చిన్న అక్షరాల్లో ఉంది: 200 మిల్లీలీటర్లు. సీసా 600 మిల్లీలీటర్లు. మూత తీశాక మూడోవంతు తాగి మిగిలింది దాచే పిల్లవాడిని నేను ఇంతవరకు చూడలేదు. 100 మిల్లీలీటర్లకు 10.6 గ్రాములన్న అంకెను పట్టుకుని లెక్కేస్తే సీసా మొత్తంలో 63 గ్రాముల పైచిలుకు తేలింది. ఒక టీస్పూన్‌కు నాలుగు గ్రాములు. ఖాళీ గాజు గ్లాసు, చక్కెర డబ్బా ఇచ్చి వాణ్ణే వేయమన్నాను. ఒకటి, రెండు అంటూ హుషారుగా మొదలుపెట్టాడు. పది దాటాక చేయి నెమ్మదించింది. పదహారో చెంచా వేసి, గ్లాసును కళ్ల దగ్గరికి ఎత్తుకుని పక్కనుంచి చూశాడు. వాళ్లమ్మ మాత్రం లేబుల్‌నే చూస్తోంది. "ఇది ఇంత చిన్నగా ఎందుకు రాశారు?" అని అడిగింది. ఆ గదిలో ఆమె కోపగించుకున్నది అప్పుడే.

పెద్దవాళ్లు రోజుకు 2000 కేలరీలు తింటారనుకుంటే, బయటి నుంచి కలిపిన చక్కెర, తేనె, పళ్లరసాల్లోని చక్కెర అన్నీ కలిపి అందులో పది శాతానికి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అంటే 50 గ్రాములు, పన్నెండు చెంచాలు. ఐదు శాతానికి తగ్గితే ఇంకా మంచిదని కూడా చెప్పింది. తొమ్మిదేళ్ల పిల్లవాడికి అవసరమైన కేలరీలే తక్కువ. వాడు ఒక్క సీసాతో పెద్దవాళ్ల పరిమితిని కూడా దాటేశాడు. ఈ సంగతి తెలుసుకునే దారి వాళ్లమ్మకు ఎవరూ చూపించలేదు. ఆమెను "బాధ్యత లేని తల్లి" అనడానికి మాత్రం ఎంతోమంది సిద్ధంగా ఉన్నారు.

"నోరు అదుపులో పెట్టుకుంటే సరిపోతుంది కదా, చట్టాలెందుకు?" అని మీ మీటింగ్‌లోనూ ఎవరో అనే ఉంటారు. చాలా ఏళ్లు నేనూ దాదాపు అలాగే నమ్మాను. నా నమ్మకం మారడానికి రోజూ గదిలో చూసేది ఒక కారణమైతే, 2019లో వచ్చిన ఒక ప్రయోగం ఇంకో కారణం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం ఇరవై మంది పెద్దవాళ్లను నాలుగు వారాలు తమ దగ్గరే ఉంచుకుంది. రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు పదార్థాలతో వండిన తిండి పెట్టారు. వడ్డించిన భోజనాల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింట్లోనూ సమానంగా ఉండేలా చూశారు. ఎంత తినాలనిపిస్తే అంత తినమన్నారు. ప్రాసెస్ చేసిన తిండి పెట్టిన రోజుల్లో ఒక్కొక్కరూ సగటున రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో సుమారు 0.9 కిలోల బరువు పెరిగారు. మామూలు తిండికి మారాక దాదాపు అంతే తగ్గారు. అవే మనుషులు, అదే మనోబలం. మారింది పళ్లెంలోనిది మాత్రమే. మెత్తగా ఉండి నమలాల్సిన పని లేకపోవడం వల్ల గబగబా తిన్నారు, కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరేలోపే ఎక్కువ లోపలికి వెళ్లిపోయింది అన్నది దీనికి ఇచ్చే వివరణల్లో ఒకటి. ఇది చిన్న ప్రయోగమే, కొద్దిరోజులదే. అయినా "అదుపు లేకపోవడం వల్లే" అన్న మాటను ఇంత సూటిగా పరీక్షించింది ఇంకొకటి నాకు కనిపించలేదు.

ఇప్పుడు ఒకే నగరంలో వచ్చిన రెండు నియమాల కథ చెప్తాను. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇందులోనే ఉందని నా నమ్మకం. న్యూయార్క్ నగర ఆరోగ్య మండలి 2006లో హోటళ్లలో ట్రాన్స్ ఫ్యాట్ వాడకాన్ని కట్టడి చేస్తూ నియమం తెచ్చింది. నూనెను గట్టిపరిచే క్రమంలో తయారయ్యే ఈ కొవ్వు చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. వండేవాళ్లు నూనె మార్చుకున్నారు. తినేవాళ్లు అదే వేపుడు, అదే కేకు తిన్నారు. తమ నుంచి ఏదో లాక్కున్నారని ఎవరికీ అనిపించలేదు.

అదే మండలి, అదే మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ హయాంలోనే, 2012లో ఇంకో నియమానికి ఆమోదం తెలిపింది. హోటళ్లు, సినిమా హాళ్ల వంటి చోట్ల తీపి కూల్ డ్రింకులను 16 ఔన్సులకు మించిన కప్పులో అమ్మకూడదు. అంటే దాదాపు అర లీటరు. ఎవరికైనా ఇంకా తాగాలనిపిస్తే రెండో కప్పు కొనుక్కోవచ్చు. లెక్క ప్రకారం చూస్తే ఇది మొదటిదాని కంటే చాలా మెత్తని నియమం. అయినా ఊరంతా ఒంటికాలి మీద లేచింది. నగరవాసుల్లో ఎక్కువమంది వ్యతిరేకించారు. కూల్ డ్రింక్ కంపెనీలు "మీ స్వేచ్ఛ" అంటూ ప్రచారం చేశాయి. అమల్లోకి రావడానికి ఒక్కరోజు ముందు, 2013 మార్చిలో కోర్టు దాన్ని ఆపేసింది. 2014లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కూడా అదే తీర్పు ఇచ్చింది, మండలికి ఆ అధికారం లేదంది.

మొదటి నియమం వంటింట్లోకి వెళ్లింది, రెండోది తాగేవాళ్ల చేతిలోని కప్పు మీద చేయి వేసింది. అంతే తేడా. ట్రాన్స్ ఫ్యాట్ సంగతిలో డెన్మార్క్ 2003లోనే పరిమితి పెట్టింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలూ దాన్ని తిండిలోంచి తీసేయాలని పిలుపునిచ్చింది. భారతదేశంలో 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో రెండు శాతం పరిమితి ఉంది. ఇన్ని దేశాల్లో ఇంత పెద్ద మార్పు జరిగితే జనం వీధుల్లోకి వచ్చారా?

పన్నుల్లోనూ ఇదే సూత్రం. బ్రిటన్ తీరు నాకు బాగా నచ్చుతుంది. అక్కడ తీపి కూల్ డ్రింకుల మీద పన్నును 2016 మార్చిలో ప్రకటించి, 2018 ఏప్రిల్‌లో అమల్లో పెట్టారు. 100 మిల్లీలీటర్లకు 5 గ్రాముల కంటే తక్కువ చక్కెర ఉంటే పన్ను లేదు. 5 నుంచి 8 లోపు ఉంటే ఒక రేటు, 8 గ్రాములు, ఆపైన ఉంటే అంతకంటే ఎక్కువ. కట్టాల్సింది తయారీదారులు, దిగుమతిదారులు. మధ్యలో ఇచ్చిన రెండేళ్ల గడువులో సగానికి పైగా తయారీదారులు తమ రెసిపీలు మార్చుకుని చక్కెర తగ్గించారు. 2015 నుంచి 2019 మధ్య ఈ పన్ను పరిధిలోని పానీయాల్లో సగటు చక్కెర 40 శాతానికి పైగా తగ్గింది. జనం తాగడం మానలేదు, ఎవరూ వాళ్లను మానమనలేదు కూడా. సీసాలోనిదే మారింది. రాబడి కోసం వేసిన పన్నుకు, ఎగ్గొట్టడానికి దారి చూపిస్తూ వేసిన పన్నుకు ఇదే తేడా. తీపి తగ్గించి పన్ను తప్పించుకో అని చెప్పడమే దాని ఉద్దేశం.

ఇందుకు భిన్నంగా డెన్మార్క్ 2011 అక్టోబర్‌లో సంతృప్త కొవ్వు మీద పన్ను వేసింది. 2.3 శాతం దాటిన ప్రతిదానికీ వర్తింపు. వెన్న, చీజ్, మాంసం అన్నీ దానికిందికే వచ్చాయి. రోజూ వంటింట్లో వాడుకునే వస్తువు మీద పన్ను పడేసరికి జనం సరిహద్దు దాటి జర్మనీలో కొనుక్కోవడం మొదలుపెట్టారు. వ్యాపారులు గోల పెట్టారు. 2013 జనవరి 1 నుంచి రద్దు చేశారు. వెన్నను, జంక్ ఫుడ్‌ను ఒకే గాటన కడితే జనం నమ్మకం పోతుంది. ఒకసారి పోయాక ఆ తర్వాత మంచి నియమం తెచ్చినా వినరు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, జంక్ ఫుడ్ అంటే ఏమిటన్న దగ్గరే చాలా చర్చలు బోల్తా పడతాయి. బ్రెజిల్ శాస్త్రవేత్త కార్లోస్ మోంటేరో 2009లో తిండిని ఎంత ప్రాసెస్ చేశారన్న దాన్నిబట్టి విభజించాలని ప్రతిపాదించారు. తర్వాత అదే 'నోవా' పేరుతో ప్రసిద్ధమైంది. ఆలోచించడానికి అది చాలా మంచి పద్ధతి. చట్టం రాయడానికి మాత్రం అదొక్కటే చాలదని నా అభిప్రాయం. దాని ప్రకారం ఫ్యాక్టరీలో చేసిన గోధుమ బ్రెడ్డు, పసిపిల్లల డబ్బా పాలు కూడా కూల్ డ్రింక్ ఉన్న గుంపులోకే రావచ్చు. నియమం పెట్టాలంటే కొలవగలిగింది కావాలి: 100 గ్రాములకు చక్కెర ఎంత, ఉప్పు ఎంత, కొవ్వు ఎంత. మీ కమిటీకీ ఇదే చెప్తాను. "జంక్ ఫుడ్ నిషేధం" అని రాస్తే ఫలానా బిస్కెట్ జంకా కాదా అని ఏడాది పొడుగునా వాదించుకుంటారు.

పేదవాళ్ల మీద భారం పడుతుందన్న మాట మీ మీటింగ్‌లో రాకపోయినా, ఎక్కడో ఒకచోట వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇరవై రెండేళ్లుగా నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఆ వాదనే. మెక్సికో 2014లో తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసింది. మొదటి ఏడాది ఆ పానీయాల కొనుగోలు సగటున ఆరు శాతం తగ్గింది. రెండో ఏడాది ఇంకా తగ్గింది. ఎక్కువ తగ్గించుకున్నది తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలే. దీన్ని రెండు రకాలుగా చదవచ్చు. ఎక్కువ లాభం వాళ్లకే అనొచ్చు, ఎందుకంటే షుగర్ వ్యాధి వస్తే ముందు చితికిపోయేది వాళ్లే. వాళ్ల చిన్న సంతోషానికే ముందు కత్తెర పడింది అని కూడా అనొచ్చు. రెండూ నిజమే.

నేను దీన్ని ఇలా తేల్చుకున్నాను. తీపి పానీయం మీద పన్ను న్యాయమే, దాని స్థానంలో మంచినీళ్లు చాలు కాబట్టి. ఆ నీళ్లు శుభ్రంగా, ఉచితంగా దొరకాలన్నది మాత్రం తప్పనిసరి షరతు. మెక్సికోలో ఆ పన్ను డబ్బుతో బడుల్లో తాగునీటి ఏర్పాట్లు చేయాలని ప్రచారకులు అడిగింది అందుకే. ఆకలి తీర్చే తిండి మీద పన్ను వేయడానికి నా మనసు ఒప్పుకోదు. వండుకునే టైమ్, పొయ్యి, ఓపిక ఉన్నవాళ్లకే ఇంటి వంట చవక. రెండు షిఫ్టులు చేసే ఆ తల్లికి టైమే లేదు. ఆమెకు మంచి తిండి అందేలా చేయకుండా, అందుతున్నదాన్ని మాత్రం ఖరీదు చేసి, "నీ మేలు కోసమే" అని ఎలా చెప్పగలం?

లేబుళ్ల విషయానికొస్తే చిలీ దారి చూపించింది. 2016 జూన్ నుంచి చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు, కేలరీలు పరిమితి దాటిన ప్యాకెట్ల ముందు భాగం మీద నల్లటి ఎనిమిది పలకల ముద్ర వేయాలి. ముద్ర ఉన్న వస్తువు ప్యాకెట్ మీద పిల్లలను ఆకట్టుకునే కార్టూన్ బొమ్మ ఉండకూడదు. దాన్ని బడిలో అమ్మకూడదు. పిల్లలు చూసే కార్యక్రమాల్లో దాని ప్రకటన రాకూడదు. ముద్ర పడిన పానీయాల కొనుగోలు 24 శాతం దాకా తగ్గినట్టు తర్వాతి అధ్యయనంలో తేలింది. నాకు అంతకంటే నచ్చిన విషయం వేరే ఉంది. పరిశోధకులు తల్లులతో మాట్లాడినప్పుడు, ముద్రలున్నవి కొనొద్దని పిల్లలే తమకు చెప్తున్నారని కొందరు అన్నారట. చదవడం రాని వయసులో కూడా నల్లముద్ర అర్థమవుతుంది. "సర్వింగ్‌కు 21 గ్రాములు" అన్నది పెద్దవాళ్లకే అర్థం కాదు.

పిల్లల దగ్గర స్వేచ్ఛ అన్న వాదన నాకు అసలు ఆనదు. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు ప్రకటన తమతో కొనిపించడానికి తీసిందన్న సంగతే సరిగ్గా తెలియదు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1980 నుంచీ పదమూడేళ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన వ్యాపార ప్రకటనలను నిషేధించింది. పిల్లవాడి కంటి ఎత్తులో, బిల్లు కట్టే వరుస పక్కనే చాక్లెట్లు పేర్చినవాళ్లు పనిచేస్తున్నది వాడి మీద. మనం ఆ పనిని ఆపుదామంటే మాత్రం "జనం ఇష్టాల్లో జోక్యం" అంటారు. జోక్యం ముందు ఎవరు మొదలుపెట్టారు?

ఇప్పుడు మీ బడి సంగతి. కొన్నేళ్ల కిందట ఒక బడి కమిటీకి నేనే సలహా ఇచ్చి, ఒక సోమవారం నుంచి క్యాంటీన్‌లో ఇవన్నీ ఒక్కసారిగా తీసేయించాను. అది తప్పని రెండు వారాల్లోనే తెలిసొచ్చింది. అమ్మకం గేటు బయటికి మారింది. పెద్ద తరగతుల పిల్లలు సంచుల్లో తెచ్చి చిన్నవాళ్లకు అమ్మడం మొదలుపెట్టారు. అన్నిటికంటే బాధపెట్టింది ఏమిటంటే, ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునే వీలు లేని కొందరు పిల్లలు మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా కూర్చున్నారు. వాళ్లకు ఆ బిస్కెట్లే టిఫిన్. తీసేసేటప్పుడు ఆ చోటులో ఏం పెడతామని నేను అడగలేదు. ఆ పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

తర్వాత ఇంకో చోట అడిగినప్పుడు వరస మార్చాం. ముందు తాగునీటి కుళాయిలు బాగుచేయించాం. ఒక్క కుళాయే పనిచేస్తూ దాని దగ్గర తోపులాట ఉంటే ఏ పిల్లవాడైనా సీసా కొనుక్కుంటాడు. తర్వాత కౌంటర్ ముందు వరసలో పళ్లు, వేడిగా అప్పటికప్పుడు చేసినవి పెట్టించాం. కూల్ డ్రింకులు ఆ తర్వాతే పోయాయి. క్యాంటీన్ నడిపేవాళ్లతో ముందే కూర్చుని లెక్క చూశాం, వాళ్ల బతుకుతెరువు దెబ్బతింటే ఏ నియమమూ నిలబడదు కాబట్టి. పుట్టినరోజు చాక్లెట్ల జోలికి పోలేదు. ఇది నెమ్మదిగా జరిగింది. కానీ గొడవ లేకుండా జరిగింది, నిలబడింది కూడా. గేటు బయటి సంగతి కమిటీ చేతిలో ఉండదు, అక్కడ ప్రభుత్వమే కల్పించుకోవాలి. భారతదేశంలో 2020 నాటి నిబంధనలు బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్నవాటి అమ్మకాన్ని కూడా వద్దన్నది ఇందుకే.

కాబట్టి వచ్చే మీటింగ్‌కు ప్రతిపాదనను తిరగరాసి తీసుకెళ్లండి. "జంక్ ఫుడ్" అన్న మాట తీసేయండి, 100 గ్రాములకు ఇంత అని అంకెలు వేయండి. మొదటి అంశంగా తాగునీరు పెట్టండి, రెండోదిగా టిఫిన్ తెచ్చుకోలేని పిల్లలకు ఏం పెడతారో రాయండి. తీసేయాల్సినవాటి జాబితా ఆ తర్వాతే రావాలి. ఆరు నెలలకు ఒకసారి సమీక్ష అని చేర్చండి, భయపడేవాళ్లకు అది ధైర్యం. లావుగా ఉన్న పిల్లల ప్రస్తావన ఎక్కడా రానివ్వకండి. ఆ పిల్లల తల్లిదండ్రులు కూడా ఆ గదిలోనే కూర్చుని ఉంటారు.

చివర్లో ఈ వాక్యం చేర్చి, చదివి వినిపించండి: "బడి వేళల్లో బడి ఆవరణలో ఏం అమ్మాలన్న దానికే ఈ తీర్మానం పరిమితం, ఇంట్లో ఎవరేం తింటారన్నది దీని పరిధిలోకి రాదు." ఈ ఒక్క వాక్యం చదివాక, అంతవరకు చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లలో కొందరు చేతులెత్తడం నేను చూశాను.